సెన్సార్ గీసే గీతలో ప్లేటు వంతెంత, ఒంటి వంతెంత, పరికరం వంతెంత?

షుగర్ జబ్బు లేనివాళ్లు కూడా ఇప్పుడు గ్లూకోజ్ సెన్సార్లు పెట్టుకుంటున్నారు. జబ్బ వెనక అంటించుకునే చిన్న బిళ్ల, ఫోన్‌లో ఒక యాప్, రోజంతా పైకీ కిందికీ పోయే ఒక గీత. 2024 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి సెన్సార్‌ను డాక్టర్ చీటీ లేకుండా అమ్ముకోవచ్చని మొదటిసారి అనుమతి ఇచ్చింది. అది డెక్స్‌కామ్ కంపెనీ స్టెలో. కొద్ది నెలలకే అబాట్ కంపెనీ లింగో కూడా వచ్చింది. అంతవరకూ ప్రధానంగా ఇన్సులిన్ వేసుకునేవాళ్ల కోసం ఉన్న పరికరం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఏం తినాలో తేల్చుకునే పరికరంగా మారింది.

దాంతోపాటే ఒక భయం కూడా మొదలైంది. తిన్న అరగంటకు గీత పైకి లేస్తే దాన్ని 'స్పైక్' అంటున్నారు. స్పైక్ వస్తే ఆ తిండి మంచిది కాదని, గీత సాఫీగా ఉంటే ఆరోగ్యం బాగున్నట్టేనని చాలామంది అనుకుంటున్నారు. ఇందులో కొంత నిజం ఉంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే మూడు రకాల పరిశోధనల్ని విడివిడిగా చూడాలి. సెన్సార్ తయారుచేసే ఇంజినీర్లది ఒకటి, ఆహార శాస్త్రవేత్తలది ఒకటి, వైద్యులది ఒకటి. ముగ్గురూ కొలిచేది గ్లూకోజే. కానీ ఇంజినీర్ ప్రశ్న 'ఈ అంకె ఎంత సరైనది?' ఆహార శాస్త్రవేత్త ప్రశ్న 'ఈ పదార్థం సగటున ఏం చేస్తుంది?' డాక్టర్ ప్రశ్న 'ఈ మనిషికి ముందు ముందు ఏమవుతుంది?' ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకో ప్రశ్నకు అతికించినప్పుడే గందరగోళం పుడుతోంది.

చర్మం కింద ఏం జరుగుతుంది

బిళ్ల కింద వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి చర్మంలోకి దిగి ఉంటుంది. దాని మొన మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత ఉంటుంది. ఎలక్ట్రోడ్‌కు ఎంజైమ్ జోడించి గ్లూకోజ్ కొలవొచ్చన్న ఆలోచనను లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ 1962లోనే ప్రచురించారు. గ్లూకోజ్ ఆ ఎంజైమ్‌కు తగిలినప్పుడు ఆక్సిజన్‌తో చర్య జరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఎలక్ట్రోడ్ దగ్గర ఆ పెరాక్సైడ్ విడిపోయి ఎలక్ట్రాన్లు వదులుతుంది. అలా పుట్టే అతి చిన్న కరెంటును చిప్ కొలిచి, ఒక లెక్క ప్రకారం 'డెసిలీటర్‌కు ఇన్ని మిల్లీగ్రాములు' అని చూపిస్తుంది. కొన్ని కంపెనీల సెన్సార్లలో ఆక్సిజన్ బదులు వేరే రసాయనం ఆ పని చేస్తుంది.

అంటే పరికరం నేరుగా చూసేది కరెంటునే. అందుకే కొన్ని సెన్సార్లలో పారాసిటమాల్ వేసుకుంటే అంకె పెరిగినట్టు కనిపిస్తుంది. మరికొన్నింటిలో విటమిన్ సి ఎక్కువ మోతాదులో వేసుకున్నా అదే జరుగుతుంది. సెన్సార్‌తో వచ్చే కాగితంలో ఈ హెచ్చరికలు ఉంటాయి, చదివేవాళ్లే తక్కువ. ఇంకొకటి, ఆ తీగ ఉండేది రక్తనాళంలో కాదు, కణాల మధ్య ఉండే ద్రవంలో. రక్తంలో గ్లూకోజ్ మారాక ఆ మార్పు అక్కడికి చేరడానికి 5 నుంచి 15 నిమిషాలు పట్టొచ్చు. రాత్రి ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అక్కడి ద్రవం ప్రసరణ తగ్గి, అంకె ఉన్నట్టుండి పడిపోతుంది. అర్ధరాత్రి అలారం మోగుతుంది, ఇంట్లో అందరికీ టెన్షన్. లేచి వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది.

ఇప్పటి మంచి సెన్సార్ల సగటు తేడా దాదాపు 8 నుంచి 10 శాతం. అసలు విలువ 100 అయితే సెన్సార్ 91 చూపించవచ్చు, 109 కూడా చూపించవచ్చు. టైప్ 1 డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారవని రకం షుగర్ జబ్బు, ఉన్న మనిషికి ఈ తేడా పెద్ద విషయం కాదు. వాళ్ల గ్లూకోజ్ ఒక్క రోజులోనే 60 నుంచి 300 దాకా తిరుగుతుంది. 250 అన్నచోట 230 ఉన్నా చేయాల్సిన పని మారదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సంగతి వేరు. అతని రోజు దాదాపుగా 70, 140ల మధ్యే గడిచిపోతుంది. రెండు రకాల టిఫిన్లలో ఏది మంచిదో తేల్చాలంటే 10, 15 మిల్లీగ్రాముల తేడాను పట్టుకోవాలి. పరికరం పొరపాటు కూడా అంతే ఉంటే ఆ తేడా తిండిదా, పరికరానిదా అన్నది ఒక్కసారి చూస్తే తెలియదు. ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదేనని నా అభిప్రాయం. పెద్ద ఎగుడుదిగుళ్లను పట్టుకోవడానికి తయారైన పరికరంతో మనం సన్నటి తేడాలు చూడాలనుకుంటున్నాం.

అసలు ఎవరి కోసం తయారైందో వాళ్లకు ఇది గొప్ప మేలు చేసింది, అందులో అనుమానం లేదు. 2008లో టైప్ 1 ఉన్న 322 మందితో జరిగిన ట్రయల్‌లో, 25 ఏళ్లు దాటినవాళ్లలో సెన్సార్ వాడినవారి హెచ్‌బీఏ1సీ, వాడనివారితో పోలిస్తే 0.53 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్షకు అది మంచి తగ్గుదలే. కానీ 15 నుంచి 24 ఏళ్ల వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెద్దవాళ్లలో 83 శాతం మంది వారానికి సగటున ఆరు రోజులో, అంతకన్నా ఎక్కువో పెట్టుకుంటే, ఈ వయసువాళ్లలో అలా పెట్టుకున్నవాళ్లు 30 శాతమే. పరికరం ఒకటే, పెట్టుకున్న తీరును బట్టి ఫలితం మారింది.

ఆపిల్ తినడం, ఆపిల్ తాగడం

ఇక తిండి వైపుకు వద్దాం. గ్లైసెమిక్ ఇండెక్స్ అనే మాట చాలామంది విన్నదే. 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం దీన్ని ప్రతిపాదించింది. 50 గ్రాముల కార్బోహైడ్రేట్ వచ్చేలా ఒక పదార్థం తినిపించి, రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరిగిందో కొలుస్తారు. అంతే కార్బోహైడ్రేట్ ఉన్న గ్లూకోజ్ తాగినప్పటి పెరుగుదలను 100 అనుకుని, దానితో పోల్చి అంకె వేస్తారు. ఇది పదిమంది వరకూ ఉండే గుంపు సగటు. ఒక మనిషి ఒక పూట ఏమవుతాడో చెప్పడం దాని పని కాదు. పదార్థాలను ఒక వరసలో పెట్టడం దాని పని.

ఆహార శాస్త్రం నేర్పిన అసలు పాఠం అంకెల పట్టికకంటే లోతుగా ఉంటుంది. అదేమిటంటే, పదార్థంలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, అది ఏ రూపంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. బంగాళాదుంపను ఉడికించి చల్లార్చితే దాని స్టార్చ్‌లో కొంత భాగం మళ్లీ గట్టిగా అల్లుకుని, జీర్ణరసాలకు సులువుగా లొంగదు. పప్పుగింజల్లో స్టార్చ్ కణాల గోడల లోపల బందీగా ఉంటుంది. గింజను గింజగా తింటే నెమ్మదిగా బయటికి వస్తుంది, మెత్తటి పిండి చేస్తే త్వరగా వస్తుంది. తినే వరసకు కూడా ప్రభావం ఉంది. న్యూయార్క్‌లోని వైల్ కోర్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2015లో టైప్ 2 ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టారు. ముందు కూరగాయలు, మాంసం తిని, పావుగంట తర్వాత బ్రెడ్, పళ్లరసం తీసుకున్న రోజున, గంట తర్వాతి గ్లూకోజ్ 36.7 శాతం తక్కువగా ఉంది. పదకొండు మందే కదా అన్న జాగ్రత్త ఉండాలి, కానీ ఆ తర్వాత జరిగిన చిన్న అధ్యయనాలు కూడా ఇంచుమించు ఇదే దిశను చూపించాయి.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక పాత ప్రయోగం. 1977లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పదిమందికి ఆపిల్‌ను మూడు రకాలుగా ఇచ్చారు: కాయగా, గుజ్జుగా, పీచు తీసేసిన రసంగా. మూడింట్లోనూ కార్బోహైడ్రేట్ సమానమే. కాయ తినడంకంటే రసం తాగడం పదకొండు రెట్లు త్వరగా ముగిసింది. కాయ తిన్నప్పటికంటే రసం తాగినప్పుడు కడుపు తక్కువ నిండినట్టు అనిపించింది. మరి గ్లూకోజ్ ఎంత పెరిగింది? మూడింట్లోనూ ఇంచుమించు ఒకే ఎత్తుకు చేరింది. తేడా, రక్తంలోని గ్లూకోజ్‌ను కణాల్లోకి పంపే ఇన్సులిన్‌లో కనిపించింది. గుజ్జుకూ రసానికీ ఇన్సులిన్ ఎక్కువగా విడుదలైంది. ఆ తర్వాత రసం తాగినవాళ్ల గ్లూకోజ్, మొదలైన చోటుకంటే కిందికి దిగిపోయింది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. ఆ రోజున ఆ పదిమందికి ఇప్పటి సెన్సార్లు పెట్టి, శిఖరం ఎంత ఎత్తుకు వెళ్లిందన్నది మాత్రమే చూసి ఉంటే, కాయకూ రసానికీ తేడా లేదనే తీర్పు వచ్చేది. రక్తంలో గ్లూకోజ్ అనేది ట్యాంకులో నీటి మట్టం లాంటిది. పేగుల నుంచీ లివర్ నుంచీ నీళ్లు వచ్చిపడుతుంటాయి, కండరాలూ మెదడూ తోడుకుంటూ ఉంటాయి. మట్టం అంతే ఉన్నా, లోపలికి వచ్చే ధార, బయటికి పోయే ధార రెండూ రెట్టింపు అయి ఉండవచ్చు. మట్టాన్ని ఒక్కదాన్నే చూస్తూ ధారల గురించి తీర్పు చెప్పలేం. ఇన్సులిన్ ఎంత కష్టపడిందో సెన్సార్‌కు కనిపించదు.

ఎవరి ఒళ్లు వారిదే అన్న మాట ఎక్కడిది

2015 నవంబర్‌లో సెల్ పత్రికలో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పరిశోధన వచ్చింది. ఎరాన్ సెగల్, ఎరాన్ ఎలినావ్ నాయకత్వంలో 800 మందికి వారంపాటు సెన్సార్లు పెట్టి, 46,898 భోజనాలకు గ్లూకోజ్ ఎలా స్పందించిందో నమోదు చేశారు. ఒకే తిండికి ఒకరికి బాగా పెరిగింది, ఇంకొకరికి దాదాపు కదల్లేదు. పేగుల్లోని బ్యాక్టీరియా, రక్త పరీక్షలు, అలవాట్లు అన్నీ కలిపి కంప్యూటర్‌కు నేర్పిస్తే, ఫలానా మనిషికి ఫలానా భోజనం ఏం చేస్తుందో కార్బోహైడ్రేట్ లెక్కకంటే మెరుగ్గా చెప్పగలిగింది. ఆ తర్వాత 2020లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ముందుండి చేసిన ప్రెడిక్ట్ అధ్యయనం వచ్చింది. బ్రిటన్‌లో 1,002 మంది, వాళ్లలో చాలామంది కవలలు. గ్లూకోజ్ స్పందనలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జన్యువుల వాటా 9.5 శాతమే అని తేలింది. భోజనంలోని పోషకాల కూర్పు 15.4 శాతం, పేగుల బ్యాక్టీరియా 6 శాతం. ఈ అంకెలన్నీ కలిపినా మూడో వంతు కూడా కాలేదన్నది గమనించాలి.

ఈ రెండు అధ్యయనాలూ గొప్పవే. వాటి నుంచే 'వ్యక్తిగత ఆహారం' అమ్మే కంపెనీలు పుట్టాయి. వైజ్‌మన్ పరిశోధన మీద డేటూ, ప్రెడిక్ట్‌తో పాటుగా జోయీ వచ్చాయి. జోయీ వ్యవస్థాపకుల్లో ఒకరైన టిమ్ స్పెక్టర్ ఆ పరిశోధనలో కూడా ఉన్నారు. ఈ విషయం ఆ పరిశోధన పేపర్లలో బాహాటంగానే ప్రకటించారు. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చదివేవాళ్లు ఆ వాక్యం దాటేసి పోకూడదనే చెబుతున్నాను.

అయితే మనిషికీ మనిషికీ తేడా ఉందని తేలగానే ఇంకో ప్రశ్న అడగాలి. అదే మనిషి, అదే తిండి, వచ్చే వారం తింటే అదే గీత వస్తుందా? రాకపోతే, ఇద్దరు మనుషుల మధ్య కనిపించిన తేడాలో ఎంతో కొంత, ఏ ఒక్క మనిషిలోనైనా రోజుకీ రోజుకీ కనిపించే తేడానే అవుతుంది. వైజ్‌మన్ బృందం కూడా ఒకే టిఫిన్‌ను రెండుసార్లు పెట్టి చూసింది. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండి, కొలిచి ఇచ్చిన టిఫిన్ తిన్నప్పుడు పోలిక బాగానే కనిపించింది. మామూలు రోజు భోజనాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పరిస్థితి మారిపోయింది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేసిన కెవిన్ హాల్ బృందం దీన్ని రెండు మెట్లలో పరిశీలించింది. 2020లో ప్రచురించిన అధ్యయనంలో, డయాబెటిస్ లేని 16 మందికి రెండు కంపెనీల సెన్సార్లు ఒకేసారి పెట్టారు. ఏ భోజనం ఎక్కువ గ్లూకోజ్ పెంచింది, ఏది తక్కువ అని వరసలో పెడితే, రెండు సెన్సార్ల వరసలు కలవలేదు. ఒకే మనిషి, ఒకే భోజనం, ఒకే నిమిషం. అయినా ఒకటి మంచిదన్న తిండిని ఇంకొకటి వెనక్కి నెట్టింది. ఆ తర్వాతి అధ్యయనంలో, పరిశోధన వార్డులోనే ఉండి లెక్కగా పెట్టిన భోజనాలు తిన్నవాళ్లకు, అవే భోజనాలు మళ్లీ పెట్టినప్పటి స్పందనలను పోల్చారు. ఒకే భోజనం రెండుసార్లు తిన్నప్పుడు వచ్చిన తేడా, రెండు వేర్వేరు భోజనాలు తిన్నప్పటి తేడాకు ఇంచుమించు సమానంగా ఉంది. తిండిని అంత కట్టుదిట్టంగా కొలిచి పెట్టినచోటే ఇలా ఉంటే, ఇంట్లో ఒక్క రోజు గీత చూసి 'ఇది నాకు పడదు' అనుకోవడం ఎంత తొందరపాటో ఆలోచించండి.

బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో ఇంకో కోణం చూపించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సెన్సార్ పెట్టి, పక్కనే వేలి నుంచి తీసిన రక్తంతోనూ కొలిచారు. సెన్సార్ ఎక్కువ చూపించింది. పళ్ల స్మూతీ గ్లైసెమిక్ ఇండెక్స్ వేలి రక్తంతో 53 వచ్చింది, సెన్సార్‌తో 69 వచ్చింది. 55, అంతకన్నా తక్కువ అయితే 'తక్కువ' అంటారు. అంటే అదే స్మూతీ ఒక కొలతలో మంచిది, ఇంకో కొలతలో మధ్యరకం.

తిండి మారకపోయినా గీత మారడానికి పరికరం ఒక్కటే కారణం కాదు. ముందు రాత్రి నిద్ర ఎంత పట్టింది, కిందటి పూట ఏం తిన్నారు, తిన్నాక నడిచారా కూర్చున్నారా, తిన్నది పొద్దునా రాత్రా, ఒత్తిడి, జ్వరం, నెలసరి... అన్నిటి చెయ్యీ అందులో ఉంటుంది. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో ఈవ్ వాన్ కాటర్ బృందం 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చింది. రక్తంలోంచి గ్లూకోజ్ తొలగిపోయే వేగం, తనివితీరా పడుకున్నప్పటితో పోలిస్తే 40 శాతం తగ్గింది. అలాంటి వారం గడిపినవాళ్లు పొద్దున తిన్న బ్రెడ్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు.

డాక్టర్ ఎక్కడ ఆగి ఆలోచిస్తారు

వైద్యానికి గ్లూకోజ్ ఎందుకు ముఖ్యమైందంటే, అది ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతింటాయి. 1993లో వెలువడిన డీసీసీటీ అనే ట్రయల్, టైప్ 1 ఉన్న 1,441 మందితో దీన్ని తిరుగులేకుండా నిరూపించింది. సగటు గ్లూకోజ్ తగ్గిస్తే ఆ నష్టాలు తగ్గాయి. డయాబెటిస్ అని చెప్పే హద్దులు, అంటే పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లాంటివి, ఇలాంటి నష్టాలు, ముఖ్యంగా కంటిలోని రెటీనా దెబ్బతినడం ఎక్కడ మొదలవుతోందో చూసి పెట్టుకున్నవి. అవి ల్యాబ్‌లో చేసే రక్తపరీక్షకు పెట్టిన హద్దులు, సెన్సార్ గీతకు పెట్టినవి కావు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గీత ఎలా ఉంటుందో కూడా కొలిచారు. 2019లో ప్రచురించిన అధ్యయనంలో డయాబెటిస్ లేని 153 మందికి సెన్సార్లు పెడితే, రోజులో 96 శాతం సమయం 70, 140ల మధ్యే ఉంది. 140 దాటి ఉన్నది రోజుకు దాదాపు అరగంట. అంటే అప్పుడప్పుడూ దాటడం జబ్బు లక్షణం కాదు, మామూలు శరీరం చేసే పనే. దానికి ఏడాది ముందు స్టాన్‌ఫర్డ్‌లో మైఖేల్ స్నైడర్ బృందం 57 మందిని పరిశీలించింది. పాలు పోసిన కార్న్‌ఫ్లేక్స్ తిన్నాక చాలామందికి, పరీక్షల్లో అంతా బాగుందన్నవాళ్లతో సహా, గ్లూకోజ్ ప్రీడయాబెటిస్ (డయాబెటిస్‌కు ముందు దశ) హద్దు దాటింది. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. దాగి ఉన్న ముప్పు బయటపడిందని ఒకటి. హద్దు వేరే పరీక్ష కోసం పెట్టింది కాబట్టి ఇక్కడ అది సరిపోదని ఇంకొకటి. ఏది సరైనదో తేలాలంటే వాళ్లందరినీ ఏళ్ల తరబడి వెంబడించి చూడాలి. రెండు వారాల గీత ఆ మాట చెప్పలేదు.

మరి స్పైకులను అణిచేస్తే గుండెజబ్బు తగ్గుతుందా? దీన్ని మందులతో నేరుగా పరీక్షించారు. అకార్బోజ్ అనే మందు పేగుల్లో స్టార్చ్ విడిపోవడాన్ని నెమ్మది చేస్తుంది, అంటే స్పైక్ మీదే నేరుగా పనిచేస్తుంది. 2017లో ప్రచురించిన ఏస్ ట్రయల్‌లో గుండెజబ్బు, దానితోపాటు తిన్నాక గ్లూకోజ్ హద్దుమీరే లక్షణం ఉన్న 6,522 మందికి చైనాలో ఈ మందునో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చారు. కొత్తగా డయాబెటిస్ రావడం 18 శాతం తగ్గింది. గుండెపోట్లు, గుండె కారణంగా మరణాలు తగ్గలేదు. అంతకుముందు 2010లో 9,306 మందితో చేసిన నావిగేటర్ ట్రయల్‌లో, తిన్న వెంటనే ఇన్సులిన్ పెంచే నాటెగ్లినైడ్ మందు గుండెనూ కాపాడలేదు, డయాబెటిస్‌నూ ఆపలేదు. ఇవి మందులు, తిండి మార్పులు కావు. ఆ మనుషులకు అప్పటికే ముప్పు ఉంది. అయినా, ముప్పు ఉన్నవాళ్లలోనే స్పైక్ తగ్గించడం గుండెకు మేలు చేసినట్టు కనబడనప్పుడు, ఏ ముప్పూ లేనివాళ్లకు చేస్తుందని ఢంకా బజాయించి చెప్పడానికి ఆధారం కావాలి.

వ్యక్తిగత ఆహారాన్ని నేరుగా పరీక్షించిన ట్రయల్స్ కూడా ఉన్నాయి, వాటి ఫలితాలు ఒకే వైపు లేవు. 2021లో ప్రీడయాబెటిస్ ఉన్న 225 మందిలో సగం మందికి వైజ్‌మన్ కంప్యూటర్ లెక్క ప్రకారం, మిగతావాళ్లకు మెడిటరేనియన్ పద్ధతిలో భోజనం సూచించారు. ఆరు నెలల్లో మొదటి గుంపు హెచ్‌బీఏ1సీ 0.16 పాయింట్లు, రెండో గుంపుది 0.08 పాయింట్లు తగ్గింది. తేడా నిజమే, చిన్నదే. 2022లో 204 మందితో న్యూయార్క్‌లో చేసిన ట్రయల్‌లో మాత్రం అలాంటి కంప్యూటర్ లెక్క, మామూలు తక్కువ కొవ్వు ఆహారంకంటే బరువు ఎక్కువ తగ్గించలేకపోయింది. గ్లూకోజ్ ఎగుడుదిగుళ్లలోనూ తేడా రాలేదు. 2024లో వచ్చిన జోయీ ట్రయల్‌లో 347 మంది. వ్యక్తిగత సలహా పొందినవాళ్లలో రక్తంలో ఉండే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గాయి, చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా అక్కడ ఒక గుంపుకు యాప్, సలహాలు, వారాల తరబడి తోడు. ఇంకో గుంపుకు మామూలు ఆహార సూచనలు. మేలు జరిగితే అది అంకెల వల్లా, ఆ తోడు వల్లా అన్నది విడదీయడం కష్టం. ఇలాంటి పేపర్ చదివేటప్పుడు పోటీలో రెండోవైపు ఎవరున్నారో ముందు చూడాలి. నా దృష్టిలో ఫలితం అంకెకంటే అదే ఎక్కువ చెబుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. గీతను సాఫీగా ఉంచడమే లక్ష్యం అయితే దానికి తేలిక దారులు ఉన్నాయి. బ్రెడ్ మీద వెన్న మందంగా రాస్తే గ్లూకోజ్ నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్రక్టోజ్ అనే చక్కెర ఎక్కువగా లివర్‌కే పోతుంది కాబట్టి గీత మీద పెద్దగా కనిపించదు. మద్యం లివర్ నుంచి గ్లూకోజ్ విడుదలను అడ్డుకుంటుంది. వెన్న ఎల్‌డీఎల్‌ను ఏం చేసిందో, ఫ్రక్టోజ్ లివర్‌లో కొవ్వు ఎంత పేర్చిందో ఆ సెన్సార్ చెప్పదు. ఇంకోవైపు పండ్లు, పప్పుగింజలు, ముడి ధాన్యాలు గీతను కాస్త లేపుతాయి. దీర్ఘకాలిక అధ్యయనాల్లో గుండెకు మంచివని పదే పదే కనిపించినవి అవే. స్పైక్ భయంతో పండు మానేసి వెన్న పెంచుకున్నవాళ్ల ఫోన్‌లో గీత అందంగానే ఉంటుంది.

చర్మం గుచ్చకుండా గ్లూకోజ్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు కూడా అమ్ముతున్నారు. 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరిక విడుదల చేస్తూ, అలా కొలిచే ఏ వాచీకీ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు అలాంటి అంకెను నమ్మి మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంత చెప్పాక కూడా, ఆసక్తి ఉండి రెండు వారాలు సెన్సార్ పెట్టుకునేవాళ్లను వద్దనను. తిన్నాక నడిస్తే గీత ఎలా వంగుతుందో, నిద్ర చాలని మర్నాడు ఎలా లేస్తుందో కళ్లారా చూడటం మంచి అనుభవమే. కాకపోతే ఒక చిన్న పని ముందు చేయండి. ఒకే టిఫిన్‌ను, ఒకే మోతాదులో, ఒకే వేళకు మూడు వేర్వేరు రోజుల్లో తినండి. మూడు శిఖరాల ఎత్తూ రాసిపెట్టుకోండి. వాటి మధ్య తేడా 25 వచ్చిందనుకోండి, ఇక మీదట రెండు పదార్థాల మధ్య 25 కంటే తక్కువ తేడా కనిపిస్తే దాన్ని పట్టించుకోకండి. పొద్దున లేవగానే చూపించే అంకె వరసగా కొన్ని రోజులు 126కు అటూ ఇటూ ఉంటే మాత్రం యాప్‌లో జవాబు వెతక్కుండా, పరగడుపు రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ చేయించుకుని డాక్టర్‌కు చూపించండి. ఇన్సులిన్‌గానీ, షుగర్ మరీ పడిపోయేలా చేసే మాత్రలుగానీ వాడేవాళ్లు సెన్సార్ అంకె, ఒంటి లక్షణాలు పొంతన లేకుండా ఉన్నప్పుడల్లా వేలి నుంచి రక్తం తీసి చూసుకున్నాకే మోతాదు గురించి ఆలోచించాలి.